అన్నా కెరనినాని చంపింది గిల్టా, లోకమా? పాత నవలల్లో ప్రేమ, పరువు, అహం విడదీసి చదవడం ఎలా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎమ్మే ఇంగ్లీషు మొదటి ఏడాది చదువుతున్నారు, 'అన్నా కెరనినా', 'స్కార్లెట్ లెటర్', 'ఎ డాల్స్ హౌస్' వరసపెట్టి చదివారు, అన్నిట్లోనూ ప్రేమ, అహం, గిల్ట్, నలుగురేమనుకుంటారో అన్న భయం కలగాపులగంగా ఉన్నాయి, గైడ్‌లో ఒకచోట అన్నా గిల్ట్ వల్ల చచ్చిపోయిందని ఉంది, ఇంకోచోట సమాజం చంపేసిందని ఉంది, ఏది రాయాలి, అసలు వీటిని విడివిడిగా ఎలా గుర్తుపట్టాలి అని. చివర్లో "ఈ రచయితలు కావాలనే ఆడవాళ్ళని శిక్షిస్తారా" అని కూడా అడిగారు, అది మంచి ప్రశ్న, దానికీ వస్తాను.

నేను డిగ్రీ, పీజీ పిల్లలకి ఈ పుస్తకాలే చాలా ఏళ్ళుగా చెప్తున్నాను. సూటిగా చెప్పాలంటే అన్నాది గిల్ట్ చావు అని రాస్తే తప్పు, ఉత్తినే 'సమాజం చంపేసింది' అని రాసినా సగమే. ఆమె ప్రేమించినందుకు లోకం ఆమెని ఏమీ అనలేదు, ఆ ప్రేమని దాచిపెట్టనందుకు అంది. ఆ దెబ్బ ఇంట్లోకొచ్చి ఇద్దరి అహాల మధ్య పడింది, అక్కడ ప్రేమ నలిగిపోయింది. మీరు చదివిన మూడు పుస్తకాలకీ, ఇంకా చాలా వాటికీ నేను చెప్పేది ఒకటే: ఈ కథల్లో ప్రేమకి అసలు పరీక్ష పరువు దగ్గర వస్తుంది. నీ కోసం ప్రాణం ఇస్తా అనేవాళ్ళు చాలామంది ఉంటారు, నీ కోసం నా పేరు పాడుచేసుకుంటా అనేవాళ్ళు ఎవరు అనేది చూసుకుంటూ చదవండి, కథ దానంతటదే విడిపోతుంది.

క్లాసులో నేను వాడే పద్ధతి ఒకటి చెప్తాను. ఏదైనా సీన్ తీసుకుని ఆ మనిషి చుట్టూ చూసేవాళ్ళందర్నీ తీసేయండి. ఎవరూ చూడకపోయినా ఆ బాధ అలాగే ఉంటే అది గిల్ట్. చూసేవాళ్ళు లేకపోతే పోయే బాధ అయితే అది పరువు బాధ. ఇక ఎదుటివాళ్ళు క్షమిస్తే బాధ తగ్గకపోగా ఇంకా మండిపోతుంటే, అది అహం. ఈ మూడోదాన్నే స్టూడెంట్స్ ఎక్కువగా గిల్ట్ అని రాసేస్తారు.

ఇప్పుడు అన్నా దగ్గరికి వద్దాం. నవల మొదలయ్యేదే అన్నా అన్నయ్య స్తీవా, పిల్లలకి ఒకప్పుడు చదువు చెప్పిన గవర్నెస్‌తో సంబంధం పెట్టుకుని భార్య డాలీకి దొరికిపోవడంతో. ఆయన ఉద్యోగం పోలేదు, విందులు ఆగలేదు, పెళ్ళాన్ని బుజ్జగించమని చెల్లెల్ని పీటర్స్‌బర్గ్ నించి పిలిపించుకున్నాడు, ఆ చెల్లెలే అన్నా. టాల్‌స్టాయ్ దీన్ని కావాలనే మొదట పెట్టాడు, మనం ఎనిమిది భాగాలూ దీన్ని గుర్తుపెట్టుకునే చదవాలి. తర్వాత బెట్సీ అనే ప్రిన్సెస్ ఉంటుంది, ఆమెకీ ప్రియుడున్నాడు, ఊరందరికీ తెలుసు, అయినా ఆమె ఇంటికి అందరూ వస్తారు. అన్నా ప్రేమించిన వ్రాన్‌స్కీ వాళ్ళమ్మ సంగతి ఇంకా ఘోరం, కొడుకు పెద్దింటి ఆవిడతో సంబంధంలో ఉన్నాడని తెలిసి మొదట్లో సంతోషపడుతుంది, కుర్రాడికి అదో మెరుగు అనుకుంటుంది, ఎప్పుడైతే అది సరదా దాటి నిజమైన ప్రేమ అయిందో, వాడు దానికోసం మంచి పోస్టింగ్ కూడా వదులుకున్నాడో, అప్పుడు కోపం వస్తుంది. అంటే ఆ లోకానికి సంబంధం సమ్మతమే, ప్రేమే సమ్మతం కాదు. ఈ ఒక్క ముక్క సరిగ్గా పట్టుకుంటే మీ పేపర్ సగం అయిపోయినట్టే.

అన్నా మొగుడు కరేనిన్ కూడా అంతే. గుర్రప్పందేల రోజు బండిలో భార్య నోరు తెరిచి 'నేను అతన్నే ప్రేమిస్తున్నాను' అని చెప్పేసినప్పుడు ఆయన నోటి నించి వచ్చిన మొదటి మాట, నా గౌరవం కాపాడుకునే ఏర్పాటు ఏదో చేసేదాకా పైకి అంతా మర్యాదగా కనపడాలి అని. డ్యుయెల్ ఆలోచించాడు, విడాకులు ఆలోచించాడు, చివరికి ఏమీ జరగనట్టే కలిసి ఉందాం అని ఉత్తరం రాశాడు. (మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట తర్వాత చెప్తాను.)

ఇక పద్ధతి ప్రకారం రెండు సీన్లు పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ అయిదో భాగంలో దగ్గర దగ్గరగానే ఉంటాయి. ఇటలీ నించి తిరిగొచ్చాక కొడుకు సెర్యోజా పుట్టినరోజు పొద్దున్నే అన్నా దొంగచాటుగా ఆ ఇంటికి వెళ్తుంది. వాడికి అమ్మ చచ్చిపోయిందని చెప్పి ఉంచారు. వాడు నమ్మలేదు. కాసేపే దొరుకుతుంది, ఇంతలో కరేనిన్ వస్తున్నాడని తెలిసి మొహం మీద మేలిముసుగు దించుకుని బయటికి పరిగెత్తుతుంది. ముందురోజు షాపులో ఎంతో ప్రేమగా, ఎంతో దిగులుగా ఏరి కొన్న బొమ్మల పొట్లం విప్పడానికి కూడా టైం లేక, అలాగే చేత్తో పట్టుకుని హోటలుకి తిరిగొస్తుంది. ఆ పొట్లం ఎవరూ చూడలేదు. లోకం లేదు అక్కడ. ఆ బాధ మాత్రం పూర్తిగా ఆమెదే. నవలలో ఆమెకి నిజమైన గిల్ట్ ఎక్కడుంది అంటే నేను చూపించేది అదే, అది కొడుకు విషయంలో. మొగుడి విషయంలో కాదు, ఎందుకంటే అంతకుముందే ఇటలీలో ఎవరూ తెలిసినవాళ్ళు లేనప్పుడు ఆమె 'క్షమించరానంత సంతోషంగా' ఉందని టాల్‌స్టాయే రాశాడు. గిల్ట్ థియరీ వాళ్ళు ఈ లైన్ దాటేసి వెళ్ళిపోతుంటారు.

రెండో సీను థియేటర్. వద్దని వ్రాన్‌స్కీ బతిమాలుతాడు, ఎందుకు వద్దో నోరు తెరిచి చెప్పడు. ఆమెకీ తెలుసు, తెలిసే ప్యారిస్‌లో కుట్టించిన గౌను వేసుకుని వెళ్తుంది. పక్క బాక్సులో కర్తాసోవా అనే ఆవిడ, మొగుడు అన్నాతో మాట కలపబోతున్నాడని లేచి, ఈమె పక్కన కూర్చోవడం అవమానం అన్నట్టు ఏదో అని, చరచరా వెళ్ళిపోతుంది. అంతే జరిగింది. చెయ్యెత్తలేదు, అరవలేదు. అన్నా చివరిదాకా తల దించకుండానే కూర్చుంటుంది, ఇంటికొచ్చాక మాత్రం 'బతికున్నంత కాలం మర్చిపోలేను' అంటుంది. దానికి వ్రాన్‌స్కీ ఏదో తెలివితక్కువ ఆడమనిషి మాట అని కొట్టిపారేస్తాడు. అతని తప్పు అక్కడుంది. ఆమె మాట పడిన చోట అతను మాట పడలేదు, పడడు కూడా, క్లబ్బులకీ ఎలక్షన్లకీ హాయిగా తిరుగుతూనే ఉంటాడు. సొంత వదిన వార్యా మంచిదే, అయినా 'నాకూ ఎదిగే ఆడపిల్లలున్నారు, మా ఆయన కోసం నేను నలుగురిలో తిరగాలి' అని ఇంటికి రానివ్వదు. ఈ మాట క్లాసులో చదివినప్పుడల్లా పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు, ఇది మా పెద్దమ్మ అనే మాటే మేడం అని ఒకమ్మాయి అంది, అవును, రష్యాలో 1870లలో కూడా అదే మాట.

ఇక మొగుడి మంచితనం సంగతి. అన్నా కాన్పు జ్వరంతో చావుబతుకుల్లో ఉన్నప్పుడు కరేనిన్ ఆమెనీ క్షమిస్తాడు, వ్రాన్‌స్కీనీ క్షమిస్తాడు, నిజంగానే క్షమిస్తాడు, నటన కాదు. మరి వ్రాన్‌స్కీ ఇంటికెళ్ళి గుండెకి గురిపెట్టి ఎందుకు కాల్చుకున్నాడు? ఎవరూ అతన్ని తిట్టలేదు. ఆ క్షమించిన సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. అప్పటిదాకా తన కంట్లో నవ్వులపాలైన మొగుడు ఒక్కసారిగా పెద్దమనిషి అయిపోయాడు, తను చిన్నవాడైపోయాడు, అది తట్టుకోలేకపోయాడు. బతికి కోలుకున్నాక ఆ అవమానం కడుక్కుపోయినట్టు అతనికి అనిపిస్తుందని టాల్‌స్టాయ్ రాశాడు, గిల్ట్ అయితే అలా కడుక్కుపోదు. క్షమిస్తే మండిపోవడం అనేది అహం గుర్తు, దీనికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు. అన్నాలోనూ ఇదే ఉంది. కరేనిన్ ఉదారంగా విడాకులు ఇస్తానన్నప్పుడు ఆమె గట్టిగా వద్దని వెళ్ళిపోయింది, ఆ దయ ఆమెకి భరించరానిదైంది, తర్వాత ఆమె కావాలన్నప్పుడు ఆయన ఇవ్వలేదు. చట్టం కూడా చూడండి, విడాకులు లేనందువల్ల వ్రాన్‌స్కీకి పుట్టిన కూతురు కూడా చట్టప్రకారం కరేనిన్ కూతురే, ఆ పేరే పెట్టాలి. ఇది వ్రాన్‌స్కీని లోపల లోపల తొలిచేస్తుంది, డాలీతో చెప్పుకుని బాధపడతాడు.

చివర్లో రైలు కింద పడి చచ్చిపోయేటప్పుడు ఆమె అనుకునే మాటలు రెండున్నాయి. మొదటిది, అతన్ని శిక్షిస్తాను, అందర్నించీ నా నించి నేను కూడా తప్పించుకుంటాను అని. రెండోది, దూకేశాక ఆఖరి క్షణంలో, దేవుడా నన్ను అన్నిటికీ క్షమించు అని. మొదటి మాటలో అహం ఉంది, అందర్నించీ అన్నదాంట్లో లోకం ఉంది, రెండో మాటలో గిల్ట్ ఉంది. మీ గైడ్లు తలా ఒక మాట పట్టుకుని దెబ్బలాడుకుంటున్నాయి. మీరు రెండూ కోట్ చేసి, ఏది ముందొచ్చింది, ఏది తర్వాతొచ్చింది అని రాయండి.

'ఎ డాల్స్ హౌస్' దగ్గర ఇంకా తేలిక, ఎందుకంటే ఇబ్సెన్ ఒక్క మాటలో తేల్చేశాడు. నోరా, మొగుడు టోర్వాల్డ్ జబ్బుపడితే ఇటలీ తీసుకెళ్ళడానికి దొంగచాటుగా అప్పు చేసింది, వాళ్ళ నాన్న సంతకం తనే పెట్టేసింది, అదీ ఆయన చచ్చిపోయిన మూడు రోజుల తర్వాతి తేదీతో. పెళ్ళాం మొగుడి అనుమతి లేకుండా అప్పు చేయకూడదు, అప్పటి చట్టం అది, నాటకంలోనే నోరా స్నేహితురాలు మిసెస్ లిండే ఆ మాట అంటుంది. అప్పిచ్చిన క్రొగ్‌స్టాడ్ బెదిరింపు ఉత్తరం టోర్వాల్డ్ చేతిలో పడుతుంది. అంతకు కాసేపటి ముందే, నీకేదైనా ఆపద వస్తే బావుణ్ణు, నా సర్వస్వం పణంగా పెట్టి నిన్ను కాపాడతా అన్న మనిషి, ఉత్తరం చదవగానే నువ్వు నా సుఖమంతా నాశనం చేశావు, పైకి మాత్రం మనం మామూలుగానే ఉండాలి, పిల్లల్ని నీ చేతికివ్వను అంటాడు. కరేనిన్ ఉత్తరం పక్కన పెట్టుకుని చదవండి ఈ డైలాగ్. తర్వాత రెండో ఉత్తరం వస్తుంది, క్రొగ్‌స్టాడ్ ప్రామిసరీ నోటు వాపసు పంపించేశాడు. టోర్వాల్డ్ అరుస్తాడు: 'నేను బతికిపోయాను!' నోరా అడుగుతుంది: 'మరి నేను?' అప్పుడు గుర్తొస్తుంది ఆయనకి, 'నువ్వూ, నువ్వూ కూడా' అంటాడు.

నేను ఈ ముక్క ఎప్పుడూ ఇద్దరు స్టూడెంట్స్‌తో పైకి చదివిస్తాను, వివరించను. 'మరి నేను' తర్వాత కొంచెం ఆగమంటాను, అంతే. ఆ తర్వాత నోరా ఎందుకు తలుపు వేసుకుని వెళ్ళిపోయిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆమె ఎదురుచూసిన అద్భుతం ఏమిటంటే, టోర్వాల్డ్ ఆ సంతకం నేనే పెట్టాను అని నింద తన మీద వేసుకుంటాడని, అలా జరగనివ్వకుండా తను చచ్చిపోవడానికి కూడా సిద్ధపడింది. ప్రేమించినవాళ్ళ కోసమైనా సరే ఏ మగాడూ తన పరువు బలివ్వడు అని ఆయన అంటే, లక్షలమంది ఆడవాళ్ళు ఇచ్చారు అని ఆమె అంటుంది. ఇంకో చిన్న విషయం చాలామంది చూడరు. క్రొగ్‌స్టాడ్ పనిచేసేది టోర్వాల్డ్ మేనేజరైన బ్యాంకులోనే, అతని పాత తప్పుని టోర్వాల్డ్ చూసీ చూడనట్టు వదిలేసేవాడే, అతన్ని ఉద్యోగంలోంచి పీకేయడానికి అసలు కారణం, బ్యాంకులో నలుగురి ముందూ చిన్నప్పటి చనువుతో పేరు పెట్టి పిలుస్తాడని. తనే ఒప్పుకుంటాడు ఆ మాట. ఆ చిన్న అహం వల్లే ఉత్తరం వచ్చింది, ఆ ఉత్తరం వల్లే ఇల్లు పోయింది.

1879లో ఇది కోపెన్‌హేగెన్‌లో ఆడింది. జర్మనీలో నోరా వేషం వేయాల్సిన నటి నేనైతే పిల్లల్ని వదిలి వెళ్ళను, ఇలా వేయను అని పట్టుబట్టడంతో, ఇబ్సెన్ ఇష్టం లేకపోయినా తనే ఇంకో ముగింపు రాసిచ్చాడు, పిల్లల గది గుమ్మం దగ్గర నోరా కుప్పకూలి ఆగిపోయేలాగ. దాన్ని ఆయనే నాటకం మీద చేసిన ఘోరమైన హింస అన్నాడు. సమాజం తీర్పు పాత్రల మీదే కాదు, రాసిన వాడి మీదా పడుతుందని చెప్పడానికి ఇది మీ పేపర్‌లో పనికొస్తుంది.

హాథార్న్ రాసిన 'స్కార్లెట్ లెటర్'కి వస్తే, మూడు సార్లు వచ్చే ఆ శిక్ష వేదిక చుట్టూ రాసుకోండి చాలు. 1640ల బోస్టన్, ప్యూరిటన్లు (మతం విషయంలో మహా కఠినమైన క్రైస్తవులు), పెళ్ళయిన హెస్టర్ ఇంకొకరితో బిడ్డని కంది, వాళ్ళ చట్టం ప్రకారం శిక్ష మరణమే, దయ తలిచి మూడు గంటలు వేదిక మీద నిలబడడం, బతికున్నంత కాలం గుండెల మీద వ్యభిచారానికి గుర్తుగా 'A' అనే ఎర్రక్షరం వేశారు. హెస్టర్ దాన్ని బంగారు జరీతో ఎంత అందంగా కుట్టుకుందంటే చూసేవాళ్ళకి మండిపోయింది. ఇక్కడ కూడా అహం ఉంది, కానీ ఇది ఆమెని నిలబెట్టిన అభిమానం. పైన బాల్కనీలోంచి పాస్టర్ డిమ్స్‌డేల్, నీతో తప్పు చేసినవాడి పేరు చెప్పు, వాడి మీద జాలిపడి ఊరుకోకు అని అందరి ముందూ అడుగుతాడు, ఆ మనిషి తనే. ఆమె చెప్పదు. ఏడేళ్ళ పాటు ఆమె బాధ ఊరందరికీ కనపడుతూ మెల్లిగా మొద్దుబారింది, కొందరు ఆ అక్షరానికి సమర్థురాలు (Able) అనే అర్థం చెప్పుకోవడం కూడా మొదలెట్టారు, అతని బాధ ఎవరికీ కనపడక లోపల కుళ్ళింది. గుడిలో నేను పాపిని అని అతను ఎంత మొత్తుకుంటే జనం అంత మహాత్ముడు అనుకున్నారు, ఎందుకంటే ఏ పాపమో చెప్పలేదు.

మధ్యలో ఒక రాత్రి అతను ఒంటరిగా వెళ్ళి ఆ వేదికెక్కుతాడు. అప్పుడే అటు వచ్చిన హెస్టర్నీ, పిల్ల పెర్ల్‌నీ పైకి పిలుస్తాడు, ముగ్గురూ చేతులు పట్టుకుని నిలబడతారు. పిల్ల అడుగుతుంది: రేపు మధ్యాహ్నం కూడా అమ్మతో నాతో ఇక్కడ నిలబడతావా అని. ఇప్పుడు కాదు, ఆఖరి తీర్పు రోజున నిలబడతా అంటాడు. గిల్ట్ నిండా ఉంది ఆ మనిషికి, ఒంటి మీద కొరడాతో కొట్టుకునేంత ఉంది, ప్రేమా ఉంది, కానీ పగటి వెలుగు అంటే భయం. గిల్ట్ ఎంత ఉన్నా పరువు వదులుకోకపోతే ఎదుటివాళ్ళకి ఒరిగేది ఏమీ లేదు. చివర్లో అందరి ముందూ ఎక్కి చెప్పేసి ప్రాణం వదులుతాడు, అప్పుడు కూడా కొంతమంది పెద్దమనుషులు, అబ్బే ఆయన ఏమీ ఒప్పుకోలేదు, మనందరం పాపులమే అని నీతి చెప్పడానికే ఆవిడ చేతుల్లో చచ్చిపోయాడు అన్నారు! లోకం తన బొమ్మని ఎలా కాపాడుకుంటుందో ఇంతకంటే ఎవరూ రాయలేదని నా అభిప్రాయం. హాథార్న్ వంశంలో ఒక పెద్దాయన 1692 సేలం మంత్రగత్తెల విచారణల్లో జడ్జి, ఆ బరువు ఈయన మోస్తూనే రాశాడు.

మీరు అడగలేదు కానీ హార్డీ నవల 'టెస్' కూడా చదవండి, 1891ది. పెళ్ళి రాత్రి ఏంజెల్ ముందుగా తన పాత తప్పు చెప్పుకుంటాడు, లండన్‌లో ఒక ఆవిడతో రెండు రోజులు గడిపానని, టెస్ వెంటనే క్షమించేస్తుంది, ఆ ధైర్యంతోనే తనది చెప్తుంది. తను తప్పు చేయలేదు, తన మీద జరిగింది. అయినా అతను 'నేను ప్రేమించింది నిన్ను కాదు' అంటాడు. పెళ్ళికి ముందే ఆమె అంతా ఉత్తరంలో రాసి అతని తలుపు కింద నించి తోసింది, అది కార్పెట్ కిందకి దూరిపోయి అతనికి అందలేదు, పెళ్ళి రోజున చూసుకుని చింపేసింది. ఏంజెల్ పాస్టర్ కొడుకై ఉండీ ఆ మతమూ ఆచారాలూ వదిలేశానని చెప్పుకునే ఆధునికుడు, తీర్పు దగ్గరికొచ్చేసరికి వాళ్ళ నాన్న తరం కంటే కఠినంగా తయారయ్యాడు. కానీ ఆ తర్వాత ఒక రాత్రి నిద్రలో నడుస్తూ ఆమెని ఎత్తుకుని ముద్దులు పెడుతూ, నా భార్య చచ్చిపోయింది అని ఏడుస్తూ, పాడుబడిన మఠంలోని రాతి శవపేటికలో పడుకోబెడతాడు, పొద్దున లేచాక ఏమీ గుర్తుండదు. మెలకువగా ఉంటే అహం మాట్లాడుతుంది, నిద్రలో ప్రేమ మాట్లాడింది. హార్డీ ఉపశీర్షికలోనే 'ఒక పవిత్రురాలు' అని రాశాడు, దానికే ఆ రోజుల్లో ఎంత గొడవ జరిగిందో.

సుఖాంతం కావాలంటే డార్సీ. జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' (1813) అయిదో చాప్టర్లో మేరీ అనే పిల్ల, పుస్తకాల పురుగు, ఎవరూ పట్టించుకోని పిల్ల, ఒక మాట అంటుంది: మన గురించి మనం అనుకునేది అహం, ఇతరులు మన గురించి ఏమనుకోవాలని మనం కోరుకుంటామో అది డాంబికం అని. నేను పైన చెప్పిన పద్ధతికి మూలం అదే అనుకోండి. డార్సీ మొదటిసారి మేరీ అక్క ఎలిజబెత్‌ని పెళ్ళికి అడిగినప్పుడు మీ కుటుంబం తక్కువదైనా ప్రేమిస్తున్నా అని అడిగి చీవాట్లు తిన్నాడు. తర్వాత ఆమె చెల్లెలు లిడియా విక్‌హమ్ అనేవాడితో లేచిపోయి ఇంటి పరువంతా పోతే, తను అందరికంటే అసహ్యించుకునే ఆ విక్‌హమ్‌ని లండన్‌లో వెతికి పట్టుకుని, డబ్బిచ్చి పెళ్ళి చేయించి, ఎవరికీ చెప్పొద్దన్నాడు. మెచ్చుకునేవాళ్ళెవరూ లేని చోట, తన అహాన్ని తనే తొక్కుకుని చేసిన పని అది. అందుకే నేను అతని ప్రేమని నమ్ముతాను, ఆ మొదటి ప్రపోజల్‌లో మాటలు నమ్మను.

ఇక మన తెలుగులో ఇదే పరీక్ష ఉందా అంటే ఉంది, 'కన్యాశుల్కం' చివర్లో. ఎక్కువమంది గిరీశం దగ్గరే ఆగిపోతారు, అతనికి గిల్ట్ అనేదే లేదు, సంస్కరణ కూడా అతనికి వ్యాపారమే. నేను చూడమనేది సౌజన్యారావు పంతుల్నీ, మధురవాణినీ. పంతులు మంచివాడు, వేశ్యల్ని గడప తొక్కనివ్వననే నియమం పెట్టుకున్న యాంటీ నాచ్ (వేశ్యల మేజువాణీలని వ్యతిరేకించే) మనిషి. లుబ్ధావధాన్లు మీద పెళ్ళికూతుర్ని చంపాడని కేసు పడింది, అసలు పెళ్ళికూతురే లేదు, అది ఆడవేషం కట్టిన కుర్రాడు, ఆ గుట్టు వేశ్య అయిన మధురవాణికి తెలుసు. ఆమె మగవేషంలో వచ్చి, తనెవరో బయటపెట్టి, గుట్టు చెప్పాలంటే ఒక ముద్దు ఇవ్వాలంటుంది. పంతులు గిలగిల్లాడతాడు. ఒక పక్క నిర్దోషి ప్రాణం, ఇంకో పక్క తన వ్రతం. టోర్వాల్డ్‌కీ డిమ్స్‌డేల్‌కీ వచ్చిన ప్రశ్నే ఇది, ఇంకొకరి కోసం నీ మంచిపేరు ఖర్చుపెడతావా అని. తేడా ఏమిటంటే, ఆయన పట్టు సడలేదాకా వచ్చాక ఆమే ఆపేస్తుంది, చెడనివాళ్ళని చెడగొట్టవద్దని మా అమ్మ చెప్పింది అని. ముద్దు తీసుకోకుండానే గుట్టు చెప్తుంది. తీర్పు చెప్పేవాడి పరువుని, ఆ తీర్పుకి బలైన మనిషి కాపాడుతుంది. హెస్టర్ పేరు చెప్పకుండా నోరు మూసుకున్న దానికి ఇది చాలా దగ్గర, కానీ మధురవాణి చివరికి ఎవరి ముందూ తలవంచదు, రైలు కింద పడదు. 1892లో విజయనగరంలో ఆడిన నాటకం, 1897లో అచ్చు, 1909లో గురజాడ పూర్తిగా తిరగరాసి మళ్ళీ వేశారు, మీరు ఆ 1909 కూర్పే చదవండి.

ఇప్పుడు మీ ఆఖరి ప్రశ్న, రచయితలు ఆడవాళ్ళని శిక్షిస్తారా అని. నా జవాబు, శిక్ష ఎవరిదో పుస్తకం పుస్తకానికీ విడిగా చూడాలి. హార్డీ టెస్‌ని ఉరికి పంపినా ప్రతి పేజీలో ఆమె పక్షానే ఉన్నాడు. ఇబ్సెన్ శిక్షించలేదు. హాథార్న్ హెస్టర్ని బతికించాడు, తన ఇష్టంతో బోస్టన్‌కి తిరిగొచ్చి అక్షరం మళ్ళీ పెట్టుకునేలా చేశాడు, అది నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చదు, కానీ ఆ వయసులో ఆమె దగ్గరికి ఊళ్ళో బాధల్లో ఉన్న ఆడవాళ్ళందరూ సలహాకి వచ్చేవాళ్ళన్నది మాత్రం వదలకండి. టాల్‌స్టాయ్‌ది కష్టమైన కేసు. మొదటి పేజీలోనే 'పగ తీర్చుకోవడం నా పని, నేనే ప్రతిఫలమిస్తాను' అనే బైబిల్ వాక్యం పెట్టాడు. కొంతమంది దీన్ని అన్నాకి దేవుడి శిక్ష అని చదువుతారు. తీర్పు చెప్పే హక్కు దేవుడిదే, థియేటర్లో కర్తాసోవాది కాదు అని ఇంకొందరు చదువుతారు. నేను రెండో వైపు, ఎందుకంటే అన్నా మీద రాయి వేసే ఒక్క మనిషిని కూడా ఆయన శుభ్రంగా చూపించలేదు. అయితే అన్నా అసూయ, మత్తుమందు లేకపోతే నిద్రపట్టని రాత్రులు, కూతురి మీద ప్రేమ పుట్టకపోవడం, ఇవన్నీ కూడా రాశాడు, వాటిని దాచి 'పాపం సమాజం' అని రాస్తే ఆమెని చిన్నపిల్లని చేసినట్టే.

పరీక్షకి ఒక ముక్క చెప్పి ఆపుతాను. ఒక్కో పుస్తకం నించి ఒక్క సీనే ఎంచుకోండి, కథ సారాంశం రాయొద్దు, ఎగ్జామినర్‌కి అది తెలుసు. ఆ సీన్లో విషయం ఎవరికి తెలుసు, ఎవరు చూస్తున్నారు, ఎవరు ఏం పోగొట్టుకుంటారు అనేవి రాసి, అక్కడి నించి మీ వాదన కట్టండి. అన్నాకి మాత్రం బొమ్మల పొట్లం, థియేటర్ రెండూ తీసుకోండి, నోరాకి రెండో ఉత్తరం, హెస్టర్‌కి రాత్రి వేదిక. టైం తక్కువుంటే 'డాల్స్ హౌస్' మూడో అంకం మాత్రం ఇంకోసారి పైకి చదువుకుని వెళ్ళండి, ఎవరైనా ఫ్రెండ్‌ని టోర్వాల్డ్ డైలాగులు చదవమనండి. రాసిన డ్రాఫ్ట్ ఇక్కడ పెడితే నేను చూసి చెప్తాను.